చెత్త లేని ఇల్లు



గత వేసవిలో మందమర్రి సంఘమువారు నన్ను పిల్లల సెలవుల పాఠశాలకు రమ్మని పిలిచారు. పాటలు ఒకరు, కథలు ఒకరు పంచుకొని, మధ్యాహ్నపు చేతిపనుల గంటను నాకు మిగిల్చారు. "అయ్యగారూ, డబ్బు ఖర్చు లేకుండా, ఇంట్లో పారేసే వాటితోనే ఏదైనా నేర్పండి. ఇక్కడ అందరి పరిస్థితి ఒక్కలాగ లేదు" అని ఫోనులో చెప్పారు. ఇంతకంటే సులువైన పని ఏముంటుందనుకొని ఒప్పుకున్నాను. ఆ సులువైన పనిలో నేను చేసిన పొరపాటును మీకు చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

పెద్దపల్లిలో పొద్దున్నే రైలెక్కాను. రామగుండం పొగగొట్టాలు వెనుకబడి, బండి గోదావరి వంతెన మీదికి రాగానే ఎదుటి బల్ల మీది ముసలమ్మలిద్దరు కొంగుముడి విప్పి రూపాయి బిళ్లలు నదిలోకి విసిరారు. తరువాత మంచిర్యాల, రవీంద్రఖని, ఆ పైన మందమర్రి. కాజీపేట నుండి బల్లార్షాకు పోయే దారి ఇది. మా తరమువారికి ఇది ఆదిలాబాదు జిల్లాయే. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుండి మంచిర్యాల జిల్లా అయినది గాని, స్టేషనులో నన్ను ఎదుర్కొన్న సంఘపెద్ద మాత్రం "మా ఆదిలాబాదు ఎండలు మీరు తట్టుకోలేరు" అనే మొదలుపెట్టాడు. ఆయన చెప్పినది నిజమే. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలకు పోవడం వింత కాదు.

బొగ్గు ఊరు అంటే అంతా నల్లగా ఉంటుందనుకున్నాను. నాకు మొదట కనిపించినవి వేపచెట్లు, వరుసగా కట్టిన కార్మికుల క్వార్టర్లు, వాటి ముందు తీగల మీద ఆరవేసిన గని బట్టలు. ఎంత ఉతికినా కుట్టుల దగ్గర నలుపు పోలేదు. దూరాన గనుల మట్టి దిబ్బలు గుట్టలవలె కనబడుతున్నవి. అసలైన గుట్టలు బొక్కలగుట్ట వైపు ఉన్నవి, అక్కడనే గాంధారి ఖిల్లా ఉన్నదని చెప్పారు గాని ఆ ఎండలో వెళ్లలేకపోయాను.

సింగరేణి చరిత్ర ఇక్కడి పిల్లలకు మనకంటె బాగా తెలుసు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతములో బొగ్గును కనుగొనడము, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడడము, అన్నీ గడగడ చెప్పేస్తారు. ఇక్కడి గనులకు కల్యాణిఖని అని పేరు; జనము మాత్రం కె.కె. అనే అంటారు. పనిలోనుండి దిగిపోయిన పెద్దలు కూర్చుంటే వచ్చే మాట "తట్టా చెమ్మసు". తట్ట అంటే మనకు తెలిసిన తట్టయే, చెమ్మసు అంటే పార. యంత్రాలు రాకమునుపు బొగ్గును చేతులతోనే తట్టలకెత్తి టబ్బులు నింపేవారు. ఒక పెద్దాయన తన అరచేతులు నా ముందు చాపి చూపించాడు. నేనేమీ అనలేకపోయాను.

ఇక నా సంచి సంగతి. పిల్లలతో చెత్త వస్తువుల బొమ్మలు చేయించడానికి నేను కొన్నవి: జిగురు సీసాలు, మెరుపు పొడి, రంగు కాగితాలు, రిబ్బన్లు. మొత్తం 600 రూపాయలు. పాత చేతిపనుల పుస్తకములో థర్మకోలు అని కూడా ఉన్నది గాని, 2022 జూలై 1 నుండి అలంకరణ థర్మకోలును మన దేశములో నిషేధించారు కనుక దానిని విడిచిపెట్టాను. సంచి సర్దుతుంటే మా ఇంటావిడ, "పారేసే వాటితో చేయించడానికి ఇన్ని కొనాలా?" అన్నది. ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు.

మొదటి రోజు బాగానే జరిగినది. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు, ఇవే సామాను. ఈ విద్య నాది కాదు. అరవింద్ గుప్తా అనే ఆయన కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన ఇంజనీరు. 1978లో ఉద్యోగానికి ఒక సంవత్సరము సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లా పల్లెల్లో పిల్లలకు విజ్ఞానశాస్త్రము నేర్పే పనిలో చేరాడు. అక్కడ సంతలో దొరికే అగ్గిపుల్లలతో, సైకిలు ట్యూబు ముక్కలతో నమూనాలు చేయడం మొదలుపెట్టి, తన జీవితమంతా చెత్తలోనుండి ఆటబొమ్మలు తీయడానికే పెట్టాడు. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పుస్తకాలు కొన్ని తెలుగులో కూడా వచ్చినవి. ఇంట్లో పిల్లలున్నవారు తప్పక చూడవలసినవి.

పని ఏమంటే, అగ్గిపుల్లల తలలు ముందే పెద్దవారు గీకివేయాలి. వాల్వు ట్యూబును వ్రేలి గోరంత ముక్కలు కోసి, ఒక్కొక్క ముక్కలో రెండు వైపుల నుండి రెండు పుల్లలు దూర్చాలి. మూడు పుల్లలు కలిపితే త్రికోణము, నాలుగు కలిపితే చతురస్రము. చతురస్రమును వ్రేలితో నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. త్రికోణము ఎంత నొక్కినా ఒరగదు. "ఎందుకో పైకి చూడండి" అన్నాను. మేము కూర్చున్న రేకుల షెడ్డు పైకప్పు ఇనుప చట్రమంతా త్రికోణాలే! అరవైమంది పిల్లలు ఒక్కసారే తలలెత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నాకు చాలా సంతోషమైనది. ఆ సంతోషములోనే, "రేపు వచ్చేటప్పుడు మీ ఇంట్లో పారేసేవన్నీ తీసుకొని రండి. ఎవరు ఎక్కువ తెస్తే వారికి బహుమానము" అని చెప్పాను.

మరునాడు షెడ్డు నిండిపోయినది. కూల్‌డ్రింకు సీసాలు, అట్టపెట్టెలు, పాల ప్యాకెట్లు, నూనె డబ్బాలు, సబ్బు పెట్టెలు, కొబ్బరి చిప్పలు. ఒక పిల్లవాడు ఎర్రని, పచ్చని వైరు ముక్కలు గుప్పెడు తెచ్చాడు. బుట్టలు అల్లడానికి బాగుంటాయని నేను చేయి చాపబోతుండగా వెనుక కూర్చున్న ఒక విశ్రాంత షాట్ ఫైరరు లేచి వచ్చి వాటిని తీసుకొని ఒక్కొక్కటి కొస వరకు చూశాడు. అవి ఉత్త వైర్లే. అయినను ఆయన పిల్లలందరినీ కూర్చోబెట్టి, గనుల దగ్గర గాని రాళ్ల క్వారీల దగ్గర గాని పడి ఉన్న రంగు వైరును ఎప్పుడును ముట్టుకోవద్దు, లాగవద్దు, దాని కొసన పేలని మందు ఉండవచ్చు, కనిపిస్తే పెద్దవారికి చెప్పండి అని గట్టిగా చెప్పాడు. క్వారీలున్న ఊళ్లలో ఈ పత్రిక చదివే తల్లిదండ్రులారా, మీ పిల్లలకు ఈ మాట ఈరోజే చెప్పండి.

అందరూ తెచ్చినవి కుప్ప పోస్తుంటే, చివరి వరుసలో ఒక బాబు చేతులు వెనుక పెట్టుకొని నిలబడ్డాడు. తొమ్మిదేళ్లుంటాయేమో.

"నువ్వేం తెచ్చావు నాయనా?"

"ఏం తేలే అయ్యగారు."

"ఎందుకు?"

"మా ఇంట్ల పారేసేటివి లెవ్వు."

పిల్లలు నవ్వారు. నవ్వితే నవ్వారు, నేను ఊరుకుంటే సరిపోయేది. "అందరి ఇళ్లలో ఉండగా మీ ఇంట్లోనే లేవా? మరచిపోయానని చెప్పు, అబద్ధమెందుకు?" అన్నాను. ఆ బాబు మాట్లాడలేదు. ఆ గంట అంతా ఎవరి సామానూ ముట్టుకోకుండా గోడకానుకొని కూర్చున్నాడు. మూడవ రోజు రాలేదు.

ఆ సాయంకాలము సంఘపెద్దను వెంటబెట్టుకొని వాళ్ల ఇంటికి వెళ్లాను. క్వార్టర్లు దాటిన తరువాత, కాలువ పక్కన చిన్న బస్తీ. రేకుల కప్పు, ముందు చిన్న పందిరి. పందిరి కింద ఆ బాబు నాయనమ్మ కూర్చొని వెదురు చాటకు ఏదో ముద్ద పూస్తున్నది.

"కూసోండ్రి అయ్యగారూ. చెయ్యి ఆపితే ముద్ద ఎండుతది, ఏమనుకోకుండ్రి" అన్నది.

కూర్చోవడానికి వేసినది పాత చీరలు పొరలు పొరలుగా కుట్టిన బొంత. నేను చుట్టూ చూశాను. బియ్యపు సంచులు విప్పి కలిపి కుట్టినవి పందిరికి అడ్డుగా కట్టి ఉన్నవి. నూనె డబ్బా పైభాగము కోసి నీళ్ల డబ్బా చేశారు. పగిలిన బకెటులో కొత్తిమీర. పాల ప్యాకెట్లు కడిగి తీగ మీద బట్టలవలె ఆరవేసి ఉన్నవి. గోడ సందులో దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు ఉండగా చుట్టి పెట్టి ఉన్నవి. వెంట్రుకలకు గిన్నెలిచ్చేవాడు వచ్చినప్పుడు ఇవ్వడానికట. ఆ బాబు నాకు అబద్ధము చెప్పలేదు. ఆ ఇంట్లో పారేసేవి నిజముగానే లేవు.

"పిలగాడు బడికి పోనంటున్నడు. ఏమైందంటే చెప్తలేడు" అన్నది ఆమె.

"తప్పు నాదేనమ్మా" అని జరిగినది చెప్పాను. ఆమె చాట తిప్పుకొని రెండవ వైపు పూస్తూ, కొంచెము సేపటికి అన్నది: "పిలగాళ్లకు మీరే తెమ్మన్నరా? అందుకేనా! మా కోడలు క్వార్టర్లల్ల గిన్నెలు తోముతది. ఆళ్ల ఇండ్లల్ల సీసలు, అట్టలు తీసిపెడ్తరు, మేం పాత సామాన్లోనికి ఏస్తం. ఈ వారం ఎవ్వలింట్ల ఏం దొరకలేదని కోడలు అంటాంది. పిల్లలు బడికి తీస్కపోయిన్రని చెప్పిన్రట."

ఆమె నన్ను నిందించడానికి అనలేదు. కారణము తెలిసినందుకు ఊరటగా అన్నది. నాకు మాత్రము ఆ షెడ్డులోని సీసాల కుప్ప కళ్లముందు నిలిచినది. అది చెత్త అనుకొని, ఎక్కువ తెచ్చినవారికి బహుమానము ఇస్తానన్నాను. ఆ కుప్ప ఒక తల్లి వారపు ఉప్పు, కారము.

సంఘపెద్ద తల వంచుకున్నాడు. నేను ఆ బాబును పిలిచి, నలుగురి ముందు అన్న మాటకు నలుగురి ముందే క్షమాపణ చెప్పుకుంటానని మాట ఇచ్చాను. వాడు నాయనమ్మ వెనుక నుండి తొంగిచూశాడే గాని దగ్గరకు రాలేదు.

ఏమి మాట్లాడాలో తోచక, "ఆ ముద్ద ఏమిటమ్మా?" అని అడిగాను. ఆమె ముఖము వికసించినది. ఆమె చెప్పినది మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. చిరిగిన నోటుపుస్తకాల కాగితాలు, పాత పెళ్లిపత్రికలు చిన్న ముక్కలు చేసి రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టాలి. బుట్టెడు ముక్కలకు గుప్పెడు మెంతులు వేరుగా నానబెట్టాలి. నీళ్లు పిండేసి రెండూ కలిపి రోట్లో వేసి, వెన్నవలె అయ్యేవరకు దంచాలి. ఆ ముద్దను చాటకు, గంపకు పూస్తే వెదురు సందులు మూసుకొని పిండి రాలదు. మెంతులే జిగురు. చేదు గనుక పురుగు తొందరగా పట్టదు అని ఆమె అన్నది. మా అమ్మ కూడా ఈ పని చేసేది. నేను డిప్లొమా చదువుకు పోయిన తరువాత ఇంట్లో చాటలు ప్లాస్టిక్కువి అయిపోయినవి, నేను మరచిపోయాను.

నిర్మల్ బొమ్మల సంగతి నాకప్పుడు గుర్తుకు వచ్చినది. అదీ పాత ఆదిలాబాదు జిల్లాయే కదా. అక్కడ పొనికి కర్రతో బొమ్మలు చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు కప్పి నునుపు చేస్తారు. చింతపండు తీసుకొని మనము విసిరివేసే గింజ, వడ్రంగి ఊడ్చివేసే పొట్టు! ఈ మాట చెబితే ఆమె ఆశ్చర్యపడలేదు. "చింతగింజలు ఎవలన్న పారేస్తరా?" అన్నది.

"రేపు మీరు వచ్చి మా పిల్లలకు నేర్పుతారా?" అని అడిగాను. "నాకేమొస్తదయ్యా" అని చాలా సేపు ఒప్పుకోలేదు. చివరికి మనవడే, "సొప్ప బండి చెయ్యరాదు" అని వెనుక నుండి గొణిగాడు. ఆ సాయంకాలము వాడు మాట్లాడినది అదొక్కటే.

నాలుగవ రోజు ఆమె తలమీద ఎండిన మక్కజొన్న చొప్ప మోపు, చంకలో కాగితపు ముద్ద గిన్నె పెట్టుకొని వచ్చినది. వెనుకనే మనవడు. గంట మొదలుకాకముందే పిల్లలందరి ఎదుట నేను ఆ బాబుతో, "నిన్ను అబద్ధమాడావన్నాను. నీవు నిజమే చెప్పావు, నేనే తెలుసుకోలేదు. నన్ను క్షమించు" అన్నాను. నవ్విన పిల్లలు ఎవరూ ఈసారి నవ్వలేదు. వాడు సిగ్గుపడి, "సరే తియ్యుండ్రి" అన్నాడు.

తరువాత ఆ గంట నాది కాదు. ఆమె కింద కూర్చొని చొప్ప కర్రను కణుపు దగ్గర విరిచి, పై బెరడును గోటితో చీల్చి పొడవాటి ఈనెలు తీసినది. లోపల మిగిలినది తెల్లని బెండు. బెండును ముక్కలు కోసి, ఈనెల కొసలు వాడిగా చేసి బెండులోకి గుచ్చితే అతుక్కుపోతుంది. జిగురు అక్కరలేదు, దారము అక్కరలేదు. రెండు పొడుగు ఈనెలు నొగలు, అడ్డముగా నాలుగు ఈనెలు, గుండ్రని బెండు ముక్కలు రెండు చక్రాలు, ముందర రెండు ఎద్దులు. పది నిమిషాలలో బండి నిలబడినది. "జొన్న బెండైతే గట్టిగుంటది. ఇప్పుడు అంత పత్తే పెడ్తున్నరు, జొన్న సొప్ప ఏడున్నది?" అని నొచ్చుకున్నది. ఈనె వేళ్లను కోస్తుంది కనుక చిన్నవారికి ఆ బాబే చీల్చి ఇచ్చాడు. వాడి చేతి వేగము చూసి పెద్దపిల్లలు కూడా వాడి చుట్టూ చేరారు. నాకు ఈనె చీల్చడం రాలేదు. మూడుసార్లు విరిగినది. నాలుగవసారి వాడే నా చేతిలోనుండి తీసుకొని, "గట్ల కాదయ్యగారు" అన్నాడు.

కొందరు కాగితపు ముద్దతో గిన్నెలు చేశారు. గిన్నెను బోర్లించి, దాని మీద పాలిథీను కవరు పరచి, ముద్దను వేలి మందాన పూయడమే. మందము ఎక్కువైతే ఎండదు, పగులుతుంది. మందమర్రి ఎండకు రెండు రోజులలో ఎండి ఊడి వచ్చినవి. రంగు కావాలని ఒకమ్మాయి పొయ్యి బొగ్గు నూరి నీళ్లలో కలిపి పూసినది. ఊరికి తగిన రంగే. ఇంకొక గుంపు అగ్గిపెట్టెలను దారముతో కట్టి బొగ్గు టబ్బుల వరుస చేసి, దారపు రీలును తిప్పి లాగుతున్నారు. తాతల కాలపు పనిని మనవలు నేల మీద ఆడుతున్నారు. నేను తెచ్చిన మెరుపు పొడి సీసా సీలు కూడా విప్పలేదు.

ఒక్క విషయము పిల్లలతో చేతిపనులు చేయించేవారికి చెప్పాలి. సీసా మూతలు, గుండీలు మూడేళ్లలోపు వారికి ఇవ్వకండి, మింగుతారు. అయిపోయిన బ్యాటరీ సెల్లులను పగులగొట్టనివ్వకండి. ప్లాస్టిక్కును అతికించడానికి కాల్చకండి, ఆ పొగ మంచిది కాదు. దేని మీదనైనా "ఇది చెత్త" అని మీరు పేరు పెట్టకముందు, దానిని ఎవరు ఏరుకుంటున్నారో ఒకసారి విచారించండి.

సీసాలు, అట్టపెట్టెల కుప్ప సంగతి అడుగుతారేమో. ఐదవ రోజు ఉదయమే పిల్లలు వాటిని సంచులకెత్తి, వరుసగా మోసుకొనిపోయి ఆ ఇంటి పందిరి కింద పెట్టి వచ్చారు. ఎవరూ ఉపన్యాసము చెప్పలేదు. నేను వాగ్దానము చేసిన బహుమానము, అంటే ఎక్కువ తెచ్చినవారికి ఇస్తానన్నది, ఎవరికి ఇవ్వాలో తెలియక జిగురు సీసాలతో పాటు తిరిగి సంచిలో పెట్టుకున్నాను.

చివరి రోజు సాయంకాలము చేతిపనులన్నీ బల్లల మీద పెట్టి తల్లిదండ్రులకు చూపించాము. ఆ బాబు తల్లి పని ముగించుకొని ఆలస్యముగా వచ్చి, కొడుకు చేసిన బండిని చేతితో ముట్టకుండా వంగి చూసి వెళ్లినది. జనము పోయిన తరువాత షెడ్డు ఊడ్చబోతే, నేల నిండా చొప్ప బెరళ్లు, విరిగిన ఈనెలు, బెండు తునకలు. చీపురు తీసుకున్నాను. నాయనమ్మ నా చేతిలోనుండి చీపురు అందుకొని, అన్నీ ఒక దగ్గరికి ఊడ్చి, కొంగు పరచి ఎత్తుకున్నది.

"ఇవెందుకమ్మా?" అన్నాను.

"రేపు పొద్దుగాల పొయ్యి అంటుకోవద్దా?" అన్నది.